'లక్ష' పేరా కొట్టెయ్

చిరంజీవికి,

చేపల పేర్ల మీద నీ వ్యాసం చదివాను. వాక్యం చక్కగా నడుస్తుంది. కానీ సాల్మన్ చేపకు జర్మన్లు వాడే 'లాక్స్' అనే పేరును మన 'లక్ష'కు ముడివేసి, "ఇక సందేహం లేదు" అన్నావే, అక్కడ ఒళ్ళు మండింది. పాల్ టీమె అనే జర్మన్ సంస్కృత పండితుడు 1950లలో ఆ ఊహ చేశాడు, నిజమే. గుంపులుగా వచ్చే చేప పేరే పెద్ద సంఖ్యకు వచ్చిందని. ఊహను ఊహ అని రాయడానికి నీకేం అడ్డొచ్చింది?

పేరు వెంట పడేముందు 'ఏ చేప?' అని అడగాలి. సాల్మన్‌ను స్వీడిష్‌లో లాక్స్ అంటారు, రష్యన్‌లో లొసోస్, లిథువేనియన్‌లో లషిషా. అట్లాంటిక్ సాల్మన్ నల్ల సముద్రం వైపు నదుల్లో ఉండదు, బాల్టిక్‌లో కలిసే నదుల్లోకి ఎదురీదుతుంది. కాబట్టి ఇండో-యూరోపియన్ల, అంటే సంస్కృతానికీ యూరప్ భాషలకూ మూలమైన భాష మాట్లాడినవాళ్ళ, తొలి నివాసం బాల్టిక్ వైపేనని పెద్ద పెద్ద పండితులే వాదించారు. కానీ పశ్చిమ చైనాలోని తారిమ్ లోయలో, ఎడారి అంచున దొరికిన తొఖారియన్ అనే అదే కుటుంబపు పాత భాష రాతల్లో 'లాక్స్' అంటే వట్టి చేప! కాకసస్‌లోని ఒసెటిక్ భాషలోనూ ఈ మాటకు చుట్టం ఉంది. మొదట ఆ పేరు సాల్మన్‌ది కాదు, దాని చుట్టమైన ట్రౌట్ చేపదని 1985లో రిచర్డ్ డీబోల్డ్ వాదించాడు. చేప మారితే బాల్టిక్ వాదన నిలవదు, తొలి నివాసమన్న దేశమే మారిపోయింది, చూశావా?

సంస్కృతంతో చుట్టరికమే కావాలంటే పెర్చ్ అనే చేపను పట్టుకోవలసింది. గ్రీకులో 'పెర్కే'. మరుత్తుల తల్లి 'పృశ్ని' పేరుదీ అదే ధాతువు, మచ్చలున్నదని అర్థం. ఆ చేప ఒళ్ళు చూస్తే చాలు. సోల్ చేపకు లాటిన్ 'సోలియా', అంటే చెప్పు, పేరైంది కూడా దాని బల్లపరుపు ఆకారం వల్లే.

ఒకప్పుడు నేను హాలిబట్ మీద రాశాను. 'హాలి' అంటే పవిత్రం, 'బట్' అంటే బల్లపరుపు చేప. చర్చి మాంసం వద్దన్న రోజుల్లో తినేవారు. సంపాదకుడు ఉపవాసాల సంగతంతా కోసేసి, 'దేవుడి చేప' అని శీర్షిక పెట్టి, చుట్టూ పూల అంచుతో బాక్సు కట్టాడు. అప్పట్లో ప్రూఫులు దిద్ది బతికేవాణ్ణి, నోరెత్తలేదు. ఆ బాక్సుల జబ్బు ఇప్పుడు వ్యాసాలకే పట్టింది. నీ 'లక్ష' అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం.

పారితోషికం, పుస్తకం గురించి అడిగావు. అవి తరవాత. ముందు 'లక్ష' పేరా కొట్టేసి, అక్కడ పెర్చ్ గురించి రాసి పంపు. ఆదివారం సంచికకు మాత్రం ఇవ్వకు.

ఆశీస్సులతో.