పాత పీసీకి హార్డ్ డిస్క్ కొనబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

ఐబీఎం 5150 (ఐబీఎం వాళ్ల మొదటి పీసీ) కొన్నావని అక్క చెప్పింది, సంతోషం. మెమరీ కార్డుతో సరిపెట్టుకోను, తిరిగే డిస్కే కావాలంటున్నావట కాబట్టి ముందే చెప్తున్నా, డ్రైవ్ ఒక్కటే కొనకు. డ్రైవు, దాన్ని నడిపించే కంట్రోలర్ కార్డు, రెండు కేబుళ్లు ఒకే మెషీన్‌లోంచి తీసిన సెట్టు దొరికితే కాస్త రేటు ఎక్కువైనా అదే తీసుకో. ఆ కాలం డ్రైవుల్లో తెలివంతా కార్డులోనే ఉండేది, ఒక కంపెనీ కార్డు ఫార్మాట్ చేసిన డిస్కుని ఇంకో కంపెనీ కార్డు చాలాసార్లు చదవలేదు.

దానికంటే ముందు నీ మెషీన్ సంగతి చూడు. 5150లో పవర్ సప్లై 63.5 వాట్లే, ఫ్లాపీలకు సరిపోతుంది గానీ హార్డ్ డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు లాగే కరెంటుకి చాలదు. 1983లో హార్డ్ డిస్కుతో ఎక్స్‌టీ అనే తర్వాతి మోడల్ తెచ్చినప్పుడు ఐబీఎం వాళ్లే 130 వాట్లు పెట్టారు, నువ్వూ అలాంటిది వేసుకో. తర్వాత డాస్‌తో వచ్చే డీబగ్ ప్రోగ్రామ్‌లో d f000:fff5 కొట్టి బయోస్ (మెషీన్ ఆన్ కాగానే నడిచే చిప్‌లోని ప్రోగ్రామ్) తేదీ చూడు. 10/27/82 కంటే పాతదైతే కంట్రోలర్ కార్డు మీది రోమ్‌ని (ROM, కార్డు సొంత ప్రోగ్రామ్ ఉండే చిప్) అది పట్టించుకోదు, బయోస్ చిప్ మార్చాల్సిందే.

మోడల్ విషయానికొస్తే నా ఓటు సీగేట్ ఎస్‌టీ-225కి. 20 ఎంబీ, సగం ఎత్తుది, ఎక్కడైనా దొరుకుతుంది. డాస్ 3.3లో ఒక పార్టిషన్ 32 ఎంబీ దాటదు కాబట్టి ఇది ఒకే సీ డ్రైవ్‌గా సరిపోతుంది. 1980లో వచ్చిన ఎస్‌టీ-506 చూసి ముచ్చటపడకు, అది 5 ఎంబీ (అప్పట్లో 1500 డాలర్లు!), ఇప్పుడు దాచుకునేవాళ్ల సరుకు. మినీస్క్రైబ్ డ్రైవులూ కనిపిస్తాయి. లెక్కల్లో సరుకు ఎక్కువ చూపించడం కోసం డ్రైవుల బదులు పెట్టెల్లో ఇటుకలు పెట్టి పంపిన కంపెనీ అదే, పెట్టె విప్పి చూసి కొనుక్కో.

ఇంకో వల ఉంది. అదే 225కి ఆర్‌ఎల్ఎల్ (డేటాని మరింత ఇరుకుగా రాసే పద్ధతి) కార్డు తగిలించి 30 ఎంబీ వస్తుందని అమ్ముతారు. ట్రాక్‌కి, అంటే డిస్కు మీది ఒక చుట్టుకి, 17 బదులు 26 సెక్టార్లు (డేటా ముక్కలు) ఇరికిస్తారన్నమాట. కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత ఎర్రర్లు మొదలవుతాయి. అది కావాలంటే ఎస్‌టీ-238ఆర్ కొనాలి, చివరి ఆ ఆర్ అక్షరం దాని కోసమే.

సెట్టు వచ్చాక లో-లెవెల్ ఫార్మాట్ (డిస్కు మీద ట్రాకులు, సెక్టార్లు కొత్తగా గీయడం) నువ్వే చెయ్యి, వెస్టర్న్ డిజిటల్ కార్డైతే డీబగ్‌లో g=c800:5. ఈ డ్రైవ్‌లో డిస్కుని చదివే హెడ్‌ని జరిపేది స్టెప్పర్ మోటారు, లెక్కపెట్టిన అడుగులు వేస్తుందే తప్ప ట్రాక్ మీద ఉన్నానా లేదా అని చూసుకోదు, వేడెక్కితే కొలతలు కొంచెం మారతాయి. అందుకే డ్రైవ్‌ని కేసులో ఎలా పెట్టబోతున్నావో అలాగే ఉంచి, అరగంట తిప్పి, వేడెక్కాక చెయ్యి. డ్రైవ్ మీద స్టిక్కర్‌లో ఉన్న చెడ్డ ట్రాకుల నంబర్లు కూడా అడిగినప్పుడు ఎక్కించు, విసుగైనా సరే. ఇంటర్‌లీవ్ (వరుస సెక్టార్ల మధ్య ఎంత ఎడం ఉంచాలన్నది) ఎంత అని అడిగితే ఒకటి పెట్టెయ్యకు, 4.77 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒక సెక్టార్ సర్దుకునేలోపు పక్కది దాటిపోతుంది, మళ్లీ అది రావాలంటే చక్రం మొత్తం తిరగాలి. మూడుతో మొదలుపెట్టి పెంచుతూ, ఎక్కడ వేగం బాగుందో చూసుకో.

కేబుల్ విషయం మర్చిపోకు. 34 పిన్నుల కేబుల్ ఫ్లాపీది లాగే ఉంటుంది, మెలిక మాత్రం వేరే తీగల్లో ఉంటుంది, ఒకదాని బదులు ఇంకోటి పెట్టకు.

అమ్మేవాడు "తిరుగుతోంది" అంటే లెక్కలేదు. డాస్ బూట్ అయి డైరెక్టరీ కనిపించే వీడియో అడుగు, శబ్దంతో సహా. పార్సిల్ చేసే ముందు పార్క్ ప్రోగ్రామ్ (హెడ్లని భద్రమైన చోటికి జరిపేది) నడపమని చెప్పు, 225 దానంతటదే హెడ్లు పార్క్ చేసుకోదు. స్టిక్కర్ ఫొటో, కార్డు ఫొటో నాకు పంపు, చూసి చెప్తా.

మామయ్య