పురుగుల బొరియలు చదివితే ఉద్యోగం వస్తుందా?

ఎర్రగుంట్ల నుంచి ఒక తండ్రి అడిగారు: "మాది నాపరాళ్ల పాలిష్ పని. అమ్మాయి డిగ్రీలో జియాలజీ, రెండో సంవత్సరం. రాళ్లలో పురుగులు తొలిచిన బొరియలను బట్టి పాతకాలపు సముద్రాల సంగతి చెప్పే చదువు చదువుతానంటోంది. దాంతో పూట గడుస్తుందా సార్?"

అన్నా, టెన్షన్ పడకండి, ముందు ఆ చదువేంటో వినండి. గవ్వ ఒకచోట చచ్చి అలలకు ఇంకోచోటికి కొట్టుకుపోతుంది, బొరియ అట్లా కదలదు, తవ్వినచోటే రాయైపోతుంది, అందుకే ఆ చోటు అప్పుడెట్లా ఉండేదో దాన్ని చూసి చెప్పొచ్చు. ఇసుకరాయిలో గొట్టాల్లా నిలువుగా దిగిన బొరియలు కిక్కిరిసి ఉంటే చాలాసార్లు అది అలలు గట్టిగా కొట్టిన ఒడ్డు, బురద మీద మెలికలు తిరుగుతూ మేసిన జాడలుంటే చాలాసార్లు లోతు సముద్రం.

వయసు చెప్పడం మాత్రం కష్టం. ఒకే ఆకారం బొరియను వేర్వేరు కాలాల్లో వేర్వేరు జీవులు తవ్వాయి కాబట్టి కాలం తేల్చడానికి కొన్నే పనికొస్తాయి. ట్రెప్టిక్నస్ పెడమ్ అనే బొరియ ఆధారంగానే కేంబ్రియన్ అనే భూగర్భ కాలం మొదలయ్యే పొరను కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్‌లో 1992లో ఖాయం చేశారు. అది దాదాపు 54 కోట్ల ఏళ్ల కిందటిది, అయితే ఆ అంకె బొరియ చెప్పింది కాదు, వేరేచోట్ల అగ్నిపర్వతాల బూడిదలో దొరికిన జిర్కాన్ అనే ఖనిజపు గింజలు చెప్పింది. బొరియ చెప్పేది ఏ పొర ముందు, ఏది తర్వాత అని.

మన వేంపల్లె సున్నపురాళ్లలో ఇవి దొరకవు. అవి 180 కోట్ల ఏళ్లు దాటినవి, తొలిచే జంతువే అప్పటికి పుట్టలేదు. సూక్ష్మజీవులు పొర మీద పొరగా పేర్చిన స్ట్రొమాటోలైట్లు ఉంటాయి, ఒక ఆదివారం అమ్మాయిని తీసుకెళ్లి చూపించండి, ఏ పురుగూ కెలకని పొర ఎట్లా ఉంటుందో అక్కడే తెలుస్తుంది. బొరియల కోసమైతే తమిళనాడులోని అరియలూరు, గుజరాత్‌లోని కచ్ వెళ్లాలి.

ఇక ఉద్యోగం. 'బొరియల నిపుణులు కావలెను' అని ప్రకటన రావడం చాలా అరుదు. అందుకని పీజీ మామూలు జియాలజీలోనే చేయించండి, కడప యోగి వేమనలో ఉంది, తిరుపతి ఎస్వీలో ఉంది, జామ్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీకి దారి. ఆ పీజీతో యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వేలో చేరొచ్చు, ఓఎన్‌జీసీ లాంటి చమురు కంపెనీలకూ ప్రయత్నించొచ్చు. చమురు బావిలోంచి తీసిన రాతి కడ్డీలో బొరియలుంటే చమురు పారే దారి మారిపోతుంది, వాటిని చదవగలిగిన జియాలజిస్టుకు అక్కడ విలువ ఉంటుంది. పరిశోధనే కావాలంటే పీహెచ్‌డీ, ఫెలోషిప్ దొరకొచ్చు, లక్నోలో శిలాజాల మీద పరిశోధన చేసే బీర్బల్ సాహ్ని సంస్థ ఉంది, కానీ స్థిరపడేసరికి 30 ఏళ్లు దాటొచ్చు, అంతవరకు పెళ్లి మాట ఎత్తి తొందర పెట్టకండి.

ఇంటర్‌లో మ్యాథ్స్ ఉందో లేదో మీరు రాయలేదు. జామ్‌తో చేరే కొన్ని ఐఐటీ కోర్సులకు అది అడుగుతారు, అమ్మాయినే నాకు రాయమనండి.