మూడు తరాల మాస్టార్ల ఇంటి పిల్ల స్పీచ్ థెరపీ చదువుతానంటే

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా వారి తాతగారు, మా మామగారు, మా వారు ముగ్గురూ తెలుగు మాస్టార్లే. వీధిలో మాది ‘మాస్టారిల్లు’. అంతకుముందు తరంలో మా వారి ముత్తాతగారు సంస్థానం కచేరీలో గుమాస్తా. కొడుకు ఆ కొలువులోకి రాకుండా కొండ దిగువ పల్లెలో బడిపంతులుగా చేరాడని ఆయన చాలాకాలం మాట్లాడలేదట. మా అమ్మాయి ఇప్పుడు ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం. బీఎస్సీ, బీఎడ్ చేసి టీచరు కావాలని మా వారి పట్టు. తను మాత్రం బీఏఎస్‌ఎల్‌పీ (స్పీచ్ థెరపీ డిగ్రీ) చదువుతానంటోంది. మా మరిది కొడుక్కి పుట్టుచెవుడు. విశాఖలో కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే వినికిడి యంత్రం) చేయించారు. అప్పటినుంచి ఇంట్లో వాడిచేత సాధన చేయించేది మా అమ్మాయే. ‘మాటలు నేర్పడానికి నాలుగేళ్ల చదువా? అది ఆయా పని. ఇంటి పేరు నీతో ఆగిపోతుంది’ అంటారు మా వారు. మామగారు ఏమీ మాట్లాడరు. ఈ చదువుకు భవిష్యత్తు ఉందా? రేపు సంబంధాలకు ఇబ్బంది కాదా?

జవాబు: అమ్మా, మీ వారి ముత్తాతగారి సంగతి మీరు మాటవరసకు రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అసలు విషయం అదే అనిపించింది. మీ ఇంట్లో ఇప్పుడు సంప్రదాయం అనిపించుకుంటున్న మాస్టారి ఉద్యోగం మొదలైంది ఒక కొడుకు తండ్రి మాట కాదన్నప్పుడు. ఆ తండ్రి దృష్టిలో పరువంటే కచేరీ. 1951లో ఒరిస్సా ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందారీలతోపాటే వాటి కచేరీలూ, ఆ గుమాస్తా కొలువులూ పోయాయి. మీ వారి తాతగారు వంశాచారం ప్రకారం అక్కడే కుదురుకుని ఉంటే నడివయసులో కొత్త బతుకుతెరువు వెతుక్కోవలసి వచ్చేది. మీ ఇంటికి ‘మాస్టారిల్లు’ అనే పేరే వచ్చేది కాదు. ఈ మాట మీ వారికి చెప్పవలసింది మీరు కాదు, మీ మామగారు. ఆ తండ్రీకొడుకుల మధ్య మౌనం ఎలా ఉంటుందో చిన్నప్పుడు ఇంట్లో చూసినవారు ఆయనొక్కరే.

అలాగని మీ వారిని తప్పుపట్టను. అంచనాలు లేని ఇంట్లో పిల్లలు హాయిగా ఎదుగుతారని ఈమధ్య తరచూ వింటున్నాం. నాకు ఆ నమ్మకం లేదు. ‘మాస్టారి మనవరాలివి, ఈ మార్కులేమిటి’ అని ఒకటో తరగతి నుంచి అనిపించుకున్న పిల్ల మీ అమ్మాయి. అది బరువే. ఆ బరువువల్లే చదువు అబ్బింది కూడా. దరఖాస్తు ఫారం చూసి భయపడని ఇల్లు, పుస్తకం కొనడానికి వెనుకాడని ఇల్లు, చెప్పిందే పదిసార్లు విసుగులేకుండా చెప్పగల మనుషులున్న ఇల్లు ఎంతమందికి దొరుకుతుంది? అది అమ్మాయికి దక్కిన ఆస్తి. దాన్ని ఏ పనిలో పెట్టాలన్నది మాత్రం ఆస్తి ఇచ్చినవారు నిర్ణయించేది కాదు. మన ఇళ్లలో ‘కష్టపడి పైకి రావాలి’ అనే కోరికా, ‘ఫలానా కుర్చీలోనే కూర్చోవాలి’ అనే కోరికా ఒకే మాటలో కలిసిపోయి వినిపిస్తాయి. మొదటిది మీ అమ్మాయి ఇప్పటికే తీర్చింది.

ఇక ‘ఆయా పని’ సంగతి. బీఏఎస్‌ఎల్‌పీ అంటే వినికిడి, మాట, భాష లోపాలను పరీక్షించి, చికిత్స చేసే డిగ్రీ. మూడేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. చెవి, గొంతు నిర్మాణం, నాడీవ్యవస్థ, ధ్వనిశాస్త్రం, భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం అన్నీ చదవాలి. పసిపిల్లలకు చేసే ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలు, వినికిడి యంత్రం అమర్చడం, నత్తి, పక్షవాతం తర్వాత పోయిన మాట, మింగడంలో ఇబ్బంది ఇవన్నీ ఈ వృత్తిలోవే. మీ మరిది కొడుకు విషయమే చూడండి. ఆపరేషన్ కొన్ని గంటల్లో అయిపోయింది. ఆ యంత్రం చెవికి శబ్దం మాత్రమే అందిస్తుంది. ఆ శబ్దం అమ్మ పిలుపా, కుక్కర్ విజిలా అని మెదడు నేర్చుకోవడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. ఆ సాధన సరిగా జరగకపోతే అంత ఖరీదైన యంత్రం ఉండీ ప్రయోజనం అంతంతమాత్రమే. మీ ఇంట్లో ఆ పనికి పూనుకున్నది ఆ పదిహేడేళ్ల పిల్ల.

మీ వారు తెలుగు మాస్టారు కాబట్టి ఆయనతో గిడుగు రామమూర్తి పంతులుగారి ప్రస్తావన తీసుకురండి. ఏటా ఆగస్టు 29న బడిలో ఆయన పటానికి దండ వేసే ఉంటారు. గిడుగువారు 1880లో మీ ఊళ్లోనే బడిపంతులుగా చేరారు. జీతం పాఠాలు చెప్పినందుకు. పేరు నిలిచిన పనుల్లో ఒకటి మాత్రం ఆ ఉద్యోగంలో లేనిది. అక్కడి కొండల్లోని గిరిజనులైన సవరల నోట పలికే ధ్వనులను చెవొగ్గి విని, వాటిని రాసే పద్ధతి కుదిర్చి, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువులు తయారుచేశారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయనకు చెముడు వచ్చింది. కొన్ని మందులు వినికిడిని దెబ్బతీస్తాయన్నది మీ అమ్మాయి చదవబోయే పాఠాల్లో ఒకటి, క్వినైన్ ఆ జాబితాలోదే. ఆయన కొడుకు సీతాపతిగారు తండ్రి భాషాకృషిని కొనసాగించారు. అక్కడ తండ్రినుంచి కొడుక్కు ముఖ్యంగా అందింది ఆ పని. ఉచ్చారణను శ్రద్ధగా వినే విద్య మీ ఊరికి కొత్తది కాదని మీ వారికి ఇంతకన్నా బాగా చెప్పలేను.

ఒడిశా సరిహద్దులో పుట్టడం ఈ వృత్తిలో లోటు కాదు, లాభం. మీ ప్రాంతంలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ, కొండదగ్గర సవర. పిల్లాడికి మాట ఆలస్యమైతే ‘రెండు భాషలు కలగలిపేస్తున్నారు, ఒకటి మానేయండి’ అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. రెండు భాషల మధ్య పెరగడంవల్ల మాటలోపం రాదన్నది ఈ రంగంలో స్థిరపడిన విషయం. ఆ సలహా నమ్మి ఇంట్లో తెలుగు మానేసిన తల్లులు, వచ్చీరాని భాషలో బిడ్డతో ముక్తసరిగా మాట్లాడతారు. బిడ్డకు వినపడే మాటలే తగ్గిపోతాయి. తెలుగులోనూ ఒడియాలోనూ పరీక్షించి, ఇది లోపమో, రెండు భాషల అలవాటో తేల్చగలిగే మనిషి పర్లాకిమిడిలోనైనా, గుణుపురంలోనైనా, బరంపురంలోనైనా అవసరమే. ఆ నేర్పు మీ అమ్మాయికి ఊరూ ఇల్లూ ఉచితంగా ఇచ్చాయి. పెద్ద నగరంలో పుట్టినవారు దాన్ని ఏళ్లు పెట్టి నేర్చుకోవాలి.

ఉద్యోగాల గురించి తీపి మాటలు చెప్పను. పిల్లల్లో ఆరోగ్య లోపాలను ముందే గుర్తించే జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైనప్పటినుంచి, జిల్లాస్థాయి సత్వర చికిత్సా కేంద్రాల్లో ఈ చదువు చదివినవారి పోస్టుకు చోటు ఉంది. వైద్య కళాశాలల ఈఎన్‌టీ విభాగాలు, ప్రత్యేక పాఠశాలలు, కాక్లియర్ ఇంప్లాంట్ చేసే ఆసుపత్రులు, వినికిడి యంత్రాల కంపెనీలు తీసుకుంటాయి. కానీ ప్రభుత్వ పోస్టుల్లో చాలావరకు కాంట్రాక్టు పద్ధతివి. మొదటి ఏళ్ల జీతం చూసి మీ వారు ‘నేను చెప్పలేదా’ అనే అవకాశం ఉంది. సొంతంగా క్లినిక్ పెట్టి నిలదొక్కుకోవడానికి సమయం పడుతుంది. ఎమ్మెస్సీ చేస్తే (వినికిడి, మాట రెండూ అక్కడ వేర్వేరు కోర్సులు) బోధనలోకి కూడా వెళ్లవచ్చు. ఆ దారిన మీ అమ్మాయి చివరకు పాఠాలే చెప్పినా నేను ఆశ్చర్యపోను.

మీ వారు కోరే దారినీ న్యాయంగా చూద్దాం. నిజంగా టీచరు కావాలనుకుంటే బీఎస్సీ తర్వాత బీఎడ్ ఒక్కటే మార్గం కాదు. ఎన్‌సీఈటీ అనే జాతీయ ప్రవేశపరీక్ష రాసి, భువనేశ్వర్‌లోని ప్రాంతీయ విద్యాసంస్థలో డిగ్రీ, బీఎడ్ కలిపిన నాలుగేళ్ల సమీకృత కోర్సు చేస్తే ఒక ఏడాది కలిసివస్తుంది. మంచి దారే. అయితే మీ వారి మనసులో ఉన్నది తెలుగు మాస్టారి పోస్టు. మీ జిల్లా తెలుగు తరగతుల్లో పిల్లలు ఎంతమంది ఉన్నారో, తన సర్వీసు మొదట్లో ఎంతమంది ఉండేవారో ఆయన హాజరుపట్టీయే చెబుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పోస్టు ఉంటుందా అన్నది ఆయనే నిజాయితీగా అంచనా వేయాలి. మధ్యేమార్గంగా స్పెషల్ బీఎడ్ (వైకల్యమున్న పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్ల చదువు) అంటూ ఎవరైనా రాజీ కుదర్చబోతే ఒప్పుకోకండి. అది మంచి చదువే గాని, ఇద్దరిలో ఎవరూ కోరుకోనిది.

ప్రవేశాల విషయం కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ముందుగా చూడవలసింది మైసూరులోని అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ. దేశవ్యాప్త ప్రవేశపరీక్ష ఉంటుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీతోపాటు బయాలజీ, మ్యాథ్స్ వంటి మరో సబ్జెక్టు చదివి ఉండాలి. రెండోది ముంబై కేంద్రంగా 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్యాల సంస్థ. దీనికి సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది, తెలుగు పిల్లలతో సాధన చేసే అవకాశం అక్కడ దొరుకుతుంది. నోటిఫికేషన్లు ఆయా సంస్థల వెబ్‌సైట్లలోనే చూడండి, దళారుల ఫోన్లు నమ్మకండి. ఏ కాలేజీలో చేరినా ఆ కోర్సుకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపు ఉందో లేదో మొదట చూడాలి. 1992 నాటి చట్టం ప్రకారం ఆ మండలిలో నమోదు లేనివారు ఈ వృత్తి చేయకూడదు. డీహెచ్‌ఎల్‌ఎస్ అనే ఏడాది డిప్లొమా కూడా ఉంది. అది సహాయకుల స్థాయిది. ‘ఇదీ అదీ ఒకటే’ అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

పాతపట్నం మీకు కూతవేటు దూరం. అయినా ఆంధ్రప్రదేశ్ స్థానిక కోటా మీ అమ్మాయికి వర్తించదు. అక్కడ స్థానికత చదివిన చోటునుబట్టి లెక్కగడతారు, తనేమో ప్లస్ టూ వరకు ఒడిశాలోనే చదివింది. బంధువుల చిరునామాతో సర్టిఫికెట్ పుట్టిద్దామని ఎవరైనా అంటే దూరంగా ఉండండి, కౌన్సెలింగ్‌లో బయటపడితే సీటు పోతుంది. మరోపక్క, రేపు ఒడిశా ప్రభుత్వ పోస్టులకు దరఖాస్తు చేయాలంటే కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా వచ్చినట్టు రుజువు అడుగుతారు. అమ్మాయి బడిలో ఒడియా ఒక సబ్జెక్టుగా చదివిందో లేదో మార్కుల జాబితా తీసి చూడండి. లేకపోతే ఇప్పుడే ఆ పరీక్ష రాసే ఏర్పాటు చేయండి.

ఇప్పుడు అమ్మాయికి ఒక మాట. తమ్ముడి మీద ప్రేమ వేరు, ఈ వృత్తి వేరు. వాడు మొదటిసారి ‘అక్కా’ అన్నప్పుడు కలిగిన సంతోషం మీద నాలుగేళ్ల చదువు కట్టుకోకూడదు. పరాయి పిల్లలు మొండికేస్తారు, ఉమ్ముతారు, నెలల తరబడి ఒక్క అడుగూ ముందుకు వేయరు. తల్లిదండ్రులు మధ్యలో మానేస్తారు. సెలవుల్లో మీ జిల్లా ఆసుపత్రిలోనో, విశాఖలో తమ్ముడికి థెరపీ చేసేచోటనో అనుమతి అడిగి, కొన్ని రోజులు మూల కూర్చుని చూడు. నచ్చినదానికన్నా విసుగు పుట్టించినదాన్ని రాసుకో. ఆ జాబితా చూశాక కూడా చదవాలనిపిస్తే నాన్నతో మాట్లాడు. నాన్న మీద గెలవాలని మాత్రం చదవకు. ఆ పట్టుదల రెండో సెమిస్టర్ దాటి నిలవదు.

ఆ థెరపీకి ఒకసారి మీ వారినే పంపండి. పని ఉందని మీరు ఆగిపోయి, మరిదితోపాటు ఆయన్ను తోడు పంపినా సరే. పాఠం చెప్పడం తెలిసినవారు కాబట్టి, అక్కడ జరిగేది పాఠమో ఆయా పనో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

సంబంధాల గురించి అడిగారు. సంపాదన ఉన్న పిల్లకు సంబంధాలు రాకపోవడం నేను చూడలేదు. చదువు పేరు నోరు తిరగదని తప్పుకునేవాళ్లు తప్పుకుంటే మీకే మంచిది.

మీరు ఓబీసీ కిందికి వస్తే ఒక్క జాగ్రత్త. కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. శ్రీకాకుళంలో మీ బంధువులకు వర్తించింది మీకూ వర్తిస్తుందని అనుకోకండి. ఒడిశా జాబితాలో మీ కులం ఉందేమో చూసి, కేంద్ర సంస్థలకు చెల్లే నమూనాలో సర్టిఫికెట్ కోసం తహసీల్దారు కార్యాలయంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ప్లస్ టూ ఫలితాలు వచ్చాక అందరూ ఆ కిటికీ దగ్గరికే వస్తారు.