కంపాలా ఒప్పందం లాంటివి యుద్ధంలో చిక్కుకున్న మామూలు జనానికి నిజంగా పనికొస్తాయా?

"కాగితం మీద సంతకాలు తుపాకుల్ని ఆపుతాయా?" అని, సొంత దేశంలోనే ఊరొదిలి పారిపోయినవాళ్ళ కోసం ఆఫ్రికా దేశాలు చేసుకున్న కంపాలా ఒప్పందం గురించి మీరు అడిగారు. ఆపవు. అయితే ప్రాణం దక్కించుకుని వచ్చినవాళ్ళ బతుకు మాత్రం చివరికి కాగితాల దగ్గరే ఆగిపోతుంది. చింతూరు అడవుల్లో అది నా కళ్ళతో చూశాను.

2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక ఊళ్ళకు ఊళ్ళు తగలబడ్డాయి. కొందరిని రోడ్డు పక్క క్యాంపుల్లో పెట్టారు. చాలామంది అడవిదారి పట్టి, చింతూరు ఉన్న అప్పటి ఖమ్మం జిల్లాకు వచ్చేశారు. ఇక్కడ వాళ్ళను గుత్తికోయలు అంటాం. 2008లో నేనొక ఆరోగ్య బృందంతో వాళ్ళ గుడిసెల మధ్య తిరిగాను. వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని, ఆ నీళ్ళే తాగేవాళ్ళు. రేషన్ కార్డు కోసం వెళ్తే "మీది ఈ రాష్ట్రం కాదు, మీ ఊరి నుంచి కాగితం తెండి" అన్నారట. ఆ ఊరే కాలిపోయింది! దేశం సరిహద్దు దాటలేదు కాబట్టి శరణార్థులూ కారు.

ఆఫ్రికన్ యూనియన్ దేశాలు 2009 అక్టోబరులో కంపాలాలో ఆమోదించిన ఒప్పందం సరిగ్గా ఇలాంటివాళ్ళ కోసమే. 2012 డిసెంబరు 6న అమల్లోకి వచ్చింది. అందులో 13వ అధికరణం నాకు చాలా ఇష్టం. పోయిన పత్రాలు ప్రభుత్వమే మళ్ళీ ఇవ్వాలి, అందుకోసం పాత ఊరికి వెళ్ళి రమ్మని షరతు పెట్టకూడదు. 7వ అధికరణం సాయుధ ముఠాలకు కూడా హద్దులు గీసింది. నిర్వాసితుల శిబిరాలు పౌరుల చోట్లుగానే ఉండాలని కూడా రాసుకున్నారు. బస్తర్‌లో మాత్రం ఆదివాసీ కుర్రాళ్ళకే తుపాకులిచ్చి ఎస్పీవోలను, అంటే ప్రత్యేక పోలీసు అధికారులను చేశారు. దాన్ని ఆపడానికి 2011 జులైలో సుప్రీంకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది.

ఒప్పందంలో చేరిన దేశాల్లో కూడా ఊళ్ళు ఖాళీ అవుతూనే ఉన్నాయి, అది నిజం. కానీ నైజర్ 2018లో దాన్ని సొంత చట్టంగా చేసుకుంది. అక్కడ నిర్వాసితుడు చట్టం చూపించి అడగగలడు. మన దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌లో అలాంటి ఒప్పందమే లేదు. మేం ఆఫీసుల గుమ్మాల్లో బతిమాలుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాం.

ఒకరోజు ఒకామె పాలిథిన్ కవరు విప్పి, మేమిచ్చిన టీకాల కార్డు చూపించింది. ఆ ఇంట్లో ఒక మనిషి పేరున్న కాగితం అదొక్కటే. పెద్దమ్మాయికీ అలాంటిది రాసివ్వమంది. టీకాల వయసు దాటిన పిల్ల. నేను మందుల చీటీ మీద ఆ పాప పేరు, తల్లి పేరు, కాలిపోయిన ఊరి పేరు రాసిచ్చాను. ఆమె దాన్ని జాగ్రత్తగా మడిచి అదే కవర్లో పెట్టుకుంది.