‘ఇంత చదివించింది బస్తీల్లో తిరగడానికా?’

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ న్యూట్రిషన్ ఆఖరి ఏడాది. ప్రాజెక్టు కోసం హైదరాబాద్‌లో మా అక్క వాళ్లింట్లో ఉండి ఒక బస్తీలో తిరిగింది. అప్పట్నుంచి పేదల బస్తీల్లో పోషకాహారం మీదే పనిచేస్తానని, దానికి తగ్గ ఎంఎస్సీ చదువుతానని పట్టుబట్టి కూర్చుంది. ఇంత ఖర్చుపెట్టి చదివిస్తే చివరికి అంగన్‌వాడీ పనేనా? కార్పొరేట్ ఆసుపత్రిలో డైటీషియన్ అయితే గౌరవమని బంధువులు అంటున్నారు. మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో డైట్ కోచ్ అయితే డబ్బే డబ్బని ఇంకొకరు. బావమరిదేమో అమెరికా పంపమంటాడు. ఈ పిల్ల చూస్తే ఇంట్లో పనామెను కూర్చోబెట్టుకుని నిన్న ఏం తిన్నావు, ఎన్ని గరిటెలు అని అరగంట అడుగుతోంది. రేపు సంబంధాలొస్తే ఏమని చెప్పుకోవాలి? మూడు దారుల్నీ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: పోల్చే చెబుతాను. ముందు ఆ ‘అంగన్‌వాడీ పనేనా’ అన్న మాట సంగతి చూద్దాం. ఈ అంగన్‌వాడీలను నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న మొదలైంది. యాభై ఏళ్లుగా ఈ దేశంలో పేదింటి పసిపిల్లల బరువు తూచి, పేరు రాసుకుని, గుడ్డు చేతిలో పెట్టే పని ఆ టీచర్లూ ఆయాలే చేస్తున్నారు. చాలీచాలని గౌరవ వేతనంతో చేస్తున్నారు. మీ అమ్మాయి చేయబోయేది ఆ ఉద్యోగం కాదు, అది వేరే విషయం. ఒకవేళ అదే అయినా మీరు తలదించుకోవాల్సిందేమీ లేదు.

ఇక పనామెతో అరగంట ముచ్చట. దాన్ని పిచ్చి అనుకుంటున్నారు మీరు. గడిచిన ఇరవై నాలుగు గంటల్లో మనిషి ఏం తిన్నదీ, ఏ గిన్నెతో ఎంత తిన్నదీ గుర్తుచేయించి రాసుకోవడం పోషకాహార సర్వేల్లో మొదటి పాఠం. కొలత గిన్నెలు పక్కన పెట్టుకుని మరీ చేస్తారు. వినడానికి సులువే. కానీ పొద్దున ఏం తిన్నావంటే ఎదుటి మనిషి మొహమాటానికి ఇడ్లీ అంటుంది. తిన్నది చాయ్, రెండు బిస్కెట్లు. ఆ నిజం చెప్పించడానికి ఓపిక కావాలి, ఎదుటి మనిషి మీద మర్యాద కావాలి. మార్కులు బాగా వచ్చిన పిల్లలకు కూడా ఈ విద్య అబ్బడం నేను తక్కువగా చూశాను. మీ పిల్ల ఎవరూ చెప్పకుండానే ఇంట్లో సాధన చేస్తుంటే మీకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదా!

ఈ పని ఎవరికి అవసరమంటారేమో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అదే సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో 30.1 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. బస్తీలో ఒక్క ఇంట్లోనే ఈ రెండూ కనిపిస్తాయి. తల్లి లావు, పిల్లవాడు బక్క, ఇద్దరికీ రక్తం తక్కువ. రేషన్ సన్నబియ్యం ఇంట్లో ఉన్నాయి, కాబట్టి ఆకలి లేదు. పప్పు, గుడ్డు, ఆకుకూర మాత్రం కంచంలోకి రావడం లేదు.

ఎందుకు రావడం లేదో బయట నుంచి చూస్తే అర్థం కాదు. నాలుగిళ్లలో పనిచేసే మనిషి తెల్లారి ఆరింటికి గడప దాటుతుంది. ఏడుస్తున్న పిల్లాడి చేతిలో పది రూపాయలు పెడుతుంది, వాడు కిరాణా కొట్టు ముందు వేలాడే చిప్స్ ప్యాకెట్ కొనుక్కుంటాడు. అటూ ఇటూగా ఆ డబ్బుకే గుడ్డు వస్తుందని ఆమెకు మీకన్నా బాగా తెలుసు. మరి ఆ గుడ్డు ఉడకబెట్టేదెవరు? అంగన్‌వాడీ తెరిచే వేళకు పిల్లవాణ్ని దింపేదెవరు? ఇవి అడక్కుండా ‘రోజూ బాదం నానబెట్టి ఇవ్వండి, ఓట్స్ వాడండి’ అని చెప్పొచ్చేవాళ్లను బస్తీ ఆడవాళ్లు టీ ఇచ్చి పంపేస్తారు, మళ్లీ మొహం చూడరు.

ఐరన్ మాత్రలదీ అంతే. మాత్రలు ఇస్తారు, తీసుకుంటారు, బియ్యం డబ్బా వెనక పడేస్తారు. విరేచనం నల్లగా అవుతుందని భయం. వేసుకునేవాళ్లేమో వెంటనే చాయ్ తాగుతారు. చాయ్‌తో పడితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నలుపు మామూలేనని, మాత్రకూ చాయ్‌కీ గంటైనా ఎడం ఉండాలని, అన్నంలో నిమ్మచెక్క పిండుకోమని కూర్చుని చెప్పే మనిషి కావాలి. చెప్పి ఊరుకోకుండా వారం తర్వాత వెళ్లి డబ్బా వెనక చూసే మనిషి కావాలి.

ఇప్పుడు మీ డైట్ కోచ్. ఈ మధ్య నా దగ్గరికొచ్చే ప్రతి తల్లిదండ్రులూ ఇదే అడుగుతున్నారు కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. నాకు ఈ దారి మీద నమ్మకం లేదు. పెళ్లికి ముందు పది కిలోలు తగ్గాలనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, నిజమే. కానీ బాగా సంపాదిస్తున్న కోచ్‌లలో చాలామందికి వీడియోలు చేసే నేర్పు ముందు, చదువు తర్వాత. కొందరికి సలహా మీద కన్నా డబ్బాల్లో అమ్మే పౌడర్ల కమీషన్ మీదే ఎక్కువ వస్తుంది. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్న మనిషికి తప్పు డైట్ చెబితే ఏమవుతుందో మూడు నెలల కోర్సులో నేర్పరు. పైగా 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టంలో డైటీషియన్, న్యూట్రిషనిస్ట్ ఇద్దరూ ఉన్నారు. దాని కింద రిజిస్ట్రేషన్ కుదురుకునేకొద్దీ గుర్తింపు లేని సర్టిఫికెట్ విలువ పడిపోతుంది. ఫుడ్ అండ్ న్యూట్రిషన్ డిగ్రీలను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని 2025లో యూజీసీ విశ్వవిద్యాలయాలకు చెప్పేసింది. ఇంత జరుగుతుంటే మంచి డిగ్రీ చేతిలో ఉన్న పిల్లను తీసుకెళ్లి ఆన్‌లైన్ సర్టిఫికెట్ దగ్గర కూర్చోబెడతానంటున్నారు మీరు.

ఆసుపత్రి ఉద్యోగం మంచిదే, కాదనను. అయితే ‘గౌరవం’ అని చెప్పే బంధువులు కొత్త డైటీషియన్ మొదటి నెల జీతం ఎప్పుడైనా అడిగారా? అడిగి చూడమనండి. వార్డుల్లో రోజంతా నిలబడి, కిచెన్‌కూ డాక్టర్‌కూ మధ్య నలిగే పని అది. ఇష్టమైనవాళ్లు రాణిస్తారు. మీ అమ్మాయికి ఆ ఇష్టం లేదు.

అమెరికా గురించి బావమరిదికి రెండు ముక్కలు చెప్పండి. అక్కడ డైటీషియన్ పరీక్షకు కూర్చోవాలంటే 2024 నుంచి మాస్టర్స్ తప్పనిసరి. పేదలకు పోషకాహారం నేర్పే స్నాప్-ఎడ్ అనే పెద్ద పథకానికి 2025లో చేసిన చట్టంతో నిధులు ఆగిపోయాయి. ఆమె చేయాలనుకున్న పనికే అక్కడ ఇప్పుడు గడ్డుకాలం. ఇంటి దగ్గర తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. భారతీయులు ఏం తినాలో చెప్పే మార్గదర్శకాలు 2024లో అక్కడి నుంచే వచ్చాయి. అక్కడ ఎంఎస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. సైఫాబాద్‌లోని కమ్యూనిటీ సైన్స్ కళాశాల, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం కూడా చూసుకోవచ్చు.

డబ్బు సంగతి దాచను. మొదట్లో స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు ఉద్యోగాలే. ప్రాజెక్టు అయిపోతే ఇంకోటి వెతుక్కోవాలి. సాఫ్ట్‌వేర్ పిల్లల జీతాలతో పోలిస్తే మీకు నిద్ర పట్టదు, పోల్చకండి. మహిళా శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజర్, సీడీపీఓ (ఒక ప్రాంతంలోని అంగన్‌వాడీలన్నీ చూసే అధికారి) పోస్టులకు ఈ చదువు అక్కరకొస్తుంది. నోటిఫికేషన్ మన చేతిలో లేదు గనక దాని కోసం ఇంట్లో కూర్చోబెట్టొద్దు, పనిచేస్తూనే రాయమనండి. నాలుగైదేళ్లు బస్తీల్లో తిరిగి, సర్వే లెక్కలు కట్టడం, రిపోర్టు రాయడం వచ్చిన మనిషిని సంస్థలు వదులుకోవు. అలాంటివాళ్లు తక్కువ.

మీ అసలు బెంగ సంబంధాల దగ్గరుందని నాకు తెలుసు. ‘మా అమ్మాయి ప్రజారోగ్యంలో న్యూట్రిషనిస్ట్’ అని చెప్పండి, అది నిజం కూడా. మీరు నసుగుతూ చెబితే అవతలివాళ్లు కూడా అలాగే వింటారు. ఆడపిల్ల ఎండలో తిరుగుతుందన్న భయం మాత్రం సహజం. ఈ పనికి మధ్యాహ్నాలే వెళతారు, ఆడవాళ్లు ఇళ్లకు చేరేది అప్పుడే. వెంట ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో ఉంటారు.

ఈలోగా ప్రాజెక్టులో రాసుకున్న నోట్సు, ఇంటింటి లెక్కలు పారేయకుండా ఫైలు కట్టమనండి. ఇంటర్వ్యూలో వాటి మీదే అడుగుతారు. హిందీ, పాతబస్తీలో మాట్లాడే ఉర్దూ కాస్త పట్టుకోమనండి. మీ అక్క ఇంట్లో గది ఖాళీగానే ఉంటే ఈ వేసవికి మళ్లీ పంపండి.