400 ఎంఎం లెన్సు కోసం సిప్ ఆపాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, వయసు 34. చేతికి 42,000 వస్తుంది. ఇంటి ఖర్చు 29,000, పాప చదువు కోసం మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ 5,000, బండి ఈఎంఐ 2,800. ఆ ఈఎంఐ ఇంకో నాలుగు నెలల్లో తీరిపోతుంది. పాపకు నాలుగేళ్లు. సేవింగ్స్‌లో 60,000 ఉన్నాయి. కానన్ 200డి కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్సు ఉన్నాయి. సెలవు దొరికితే తిరుగుడే. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కాలని, ఆ తర్వాత రుషికుల్య నది దగ్గర తాబేళ్ల ఫోటోలు తియ్యాలని కోరిక. టామ్రాన్ 18-400 లెన్సు 52,000 చెప్పారు. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది, క్యాష్ అయితే 2,000 తగ్గిస్తారట. ఏడాది సిప్ ఆపి కొందామనుకుంటున్నాను. బరంపురంలో ఒకాయన వాడిన 18-135 లెన్సు 17,000కి ఇస్తానంటున్నాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో నన్ను ఆపింది చివరి మాటకు ముందు మాట. ఇంట్లో చెప్పలేదంటే ఆ లెన్సు ఎక్కువేమోనని మీకే లోపల అనుమానం ఉందన్నమాట. ముందు ఇంట్లో చెప్పండి. లెక్కలు ఆ తర్వాత చూద్దాం.

ఫోన్‌లో మిమ్మల్ని ఒక పని చెయ్యమన్నాను, గుర్తుంది కదా. చట్టికోన బుధవారం సంతలోనూ, దేవమాలి కొండ మీదా తీసిన ఫోటోలు కంప్యూటర్‌లో తెరిచి, ఏ ఫోటో ఎన్ని ఎంఎం దగ్గర తీశారో చూడమన్నాను. ఎంఎం తక్కువైతే ఎక్కువ వెడల్పు పడుతుంది, పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరవుతుంది. ఆ వివరం ప్రతి ఫోటో ప్రాపర్టీస్‌లోనే ఉంటుంది. మీరు ఓపిగ్గా లెక్కపెట్టి పంపారు: మొత్తం 412. అందులో 171 ఫోటోలు 18 దగ్గర, 138 ఫోటోలు 55 దగ్గర, మిగతా 103 మధ్యలో. ఈ లెక్క మీ బ్యాంకు స్టేట్‌మెంట్ కంటే ఎక్కువ చెప్పింది నాకు. మూడింట ఒక వంతు ఫోటోల్లో మీరు జూమ్‌ని చివరిదాకా తిప్పేసి, ఇంకా తిరిగితే బాగుండునని చూశారు. కాబట్టి కొత్త లెన్సు కావాలన్న మాట నిజమే, మోజు అనను. అదే సమయంలో 18ని వదులుకోలేరు. సంతలో ఒక చేత్తో సంచి పట్టుకుని లెన్సులు మార్చడం అయ్యే పని కాదు, దుమ్ము సెన్సార్ మీద పడుతుంది. ఒకే లెన్సు అన్న మీ ఆలోచన సరైనదే. తేడా అల్లా 135 చాలా, 400 కావాలా అన్నదే.

55 నుంచి 135కి వెళ్తే రెండున్నర రెట్లు దగ్గరవుతారు. మీ కెమెరాది 24 మెగాపిక్సెళ్లు. 135 దగ్గర తీసిన ఫోటోని నిలువునా అడ్డంగా సగానికి కత్తిరిస్తే 270లో తీసినట్టే కనిపిస్తుంది, 6 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. పది అంగుళాల ప్రింటుకి అవి ధారాళంగా సరిపోతాయి. 400 నిజంగా పనికొచ్చేది చిలికా పక్షులకి. సంతలో మనుషుల్ని దూరం నుంచి వాళ్లకి తెలియకుండా తియ్యడానికైతే 400 వద్దనే అంటాను. అడిగి తియ్యండి, అప్పుడు 35 చాలు.

ఇక తాబేళ్లు. అవి ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టేది ఎక్కువగా రాత్రిపూటే. అక్కడ ఫ్లాష్ కొట్టకూడదు. 18-400ని చివరిదాకా జూమ్ చేస్తే ఎఫ్ 6.3 దగ్గర ఆగుతుంది. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సులోకి వచ్చే వెలుతురులో పన్నెండో వంతు కూడా దాంట్లోకి రాదు. లెన్సులో ఉండే స్టెబిలైజర్ మీ చెయ్యి వణుకు ఆపుతుంది గానీ తాబేలు నడకని ఆపలేదు కదా. అంటే 52,000 పెట్టి కొన్నది, మీరు ఏ పని కోసం కొన్నారో సరిగ్గా ఆ పనికే రాదు. పైగా 18-400 బరువు 710 గ్రాములు, 18-135 సుమారు అరకిలో. మహేంద్రగిరి 1,501 మీటర్లు. శివరాత్రి జనంలో మెడకి వేలాడే ఆ 200 గ్రాముల తేడా సాయంత్రానికి తెలుస్తుంది.

నో కాస్ట్ సంగతి కాస్త విడమరిచి చెప్తాను, దీని గురించి చాలామంది అడుగుతున్నారు. 52,000ని 12తో భాగిస్తే నెలకు 4,333. బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుందాం. అప్పుడు మీ పేరున అప్పుగా రాసుకునేది 48,010, మిగతా 3,990 వడ్డీ. ఆ వడ్డీ మేర డిస్కౌంట్ ఇచ్చాం కాబట్టి నో కాస్ట్ అంటారు. బాగానే ఉంది. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, అంటే 718, కట్టేది మీరే. ప్రాసెసింగ్ ఫీజు 200 ఉంటే పన్నుతో కలిపి 236. క్యాష్‌కి తగ్గే 2,000 ఎలాగూ పోయింది. మొత్తం 2,954. మహా పెద్ద మొత్తమేం కాదు, కానీ ఉచితం కూడా కాదు. ఒక నెల కార్డు బిల్లు తప్పితే మాత్రం కథ మారిపోతుంది. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అటూ ఇటూగా ఉంటుంది.

సిప్ మాటకొస్తే, నా వృత్తిలో అందరూ చెప్పే లెక్క ఒకటుంది. ఏడాది మానేసిన 60,000 పద్నాలుగేళ్లలో 10 శాతం చొప్పున పెరిగితే 2,27,000 పైచిలుకు అవుతుందని. పెరుగుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. నిజం చెప్పాలంటే నాకు ఈ లెక్క అంతగా నచ్చదు. దీంతో మనిషిని మసాలా దోశ కూడా తిననివ్వకుండా చెయ్యొచ్చు. నా భయం వేరే. నేను చూసినంతలో ఏడాది అని ఆపిన సిప్‌లు చాలా వరకు మళ్లీ మొదలవ్వలేదు. అందుకే ఆపకండి.

ఇప్పుడు మీకు నెలకు మిగిలేది 5,200. నాలుగు నెలల పాటు అందులో 2,500 లెన్సు పేరున వేరే ఖాతాలో వెయ్యండి, 2,700 అత్యవసర నిధిలో. బండి ఈఎంఐ తీరాక మిగులు 8,000 అవుతుంది. అప్పుడు లెన్సుకి 5,500, నిధికి 2,500. ఆరో నెల చివరికి లెన్సు ఖాతాలో 21,000, నిధిలో 75,800 ఉంటాయి. ఇప్పుడు శ్రావణం, శివరాత్రికి ఆరు నెలల పైనే ఉంది. సరిపోతుంది. ఆ తర్వాత మొత్తం 8,000 నిధిలోకే, ఆరు నెలల ఇంటి ఖర్చు 1,74,000 చేరేదాకా. ఏడాది పైచిలుకు పడుతుంది.

సేవింగ్స్‌లో 60,000 ఉన్నాయి కదా, 17,000 తీసి ఇప్పుడే కొనెయ్యొచ్చు కదా అంటారేమో. ఆ 60,000 మీ ఇంటికి రెండు నెలల తిండి. ఇంకో కారణం కూడా ఉంది. నేనూ ఒకప్పుడు పక్షుల పిచ్చితో 19,000 పెట్టి 70-300 లెన్సు ఈఎంఐలో కొన్నాను. చిలికాకి ఐదుసార్లు వెళ్లానేమో. బరంపురం గాలిలో తేమ సంగతి మీకు చెప్పక్కర్లేదు. రెండు వానాకాలాలు బీరువాలో చీరల పక్కన పడుంది. తీసి చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడులా ఫంగస్. 4,000కి అమ్మాను. చిలికాకి వెళ్లిన ఒక్కోసారికి 3,000 పడిందన్నమాట, బస్సు ఛార్జీలు కాక. ఈ వానల్లో కొని బీరువాలో పెట్టడం దేనికి?

ఆ బరంపురం ఆయన అప్పటిదాకా ఆగకపోవచ్చు. టెన్షన్ పడకండి. కానన్ 2018 నుంచి ఆర్‌ఎఫ్ మౌంట్ అనే కొత్తరకం లెన్సు బిగింపు వైపు మళ్లింది, మీ కెమెరాకి సరిపోయే పాత లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతూనే ఉంటాయి. రేపు మీరు లోపల అద్దం లేని కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరాకి మారినా అడాప్టర్‌తో పనిచేస్తాయి. కొనేటప్పుడు ఎస్‌టీఎం లేదా యూఎస్‌ఎం (ఫోకస్ మోటార్ రకాలు) అని రాసి ఉన్న 18-135 చూడండి. మొదట వచ్చినదాంట్లో ఫోకస్ మోటార్ చప్పుడు ఎక్కువ. చీకటి గదిలో ఒకవైపు నుంచి టార్చి వేసి, రెండోవైపు నుంచి చూడండి. పొగమంచు లాంటిది కనిపించినా, దారపు పోగుల్లా ఉన్నా వదిలెయ్యండి. కెమెరాని నేలవైపు వంచితే జూమ్ తనంతట తానే జారుతోందా చూడండి. బిల్లు అడగండి. చిలికా పక్షుల కోసం 400 కావాల్సి వస్తే భువనేశ్వర్‌లోనో విశాఖలోనో రెండు రోజులకి అద్దెకు తెచ్చుకోండి, డిపాజిట్ ఎంతో ముందే అడిగి.

17,000కే దొరికితే 4,000 మిగులుతాయి కదా. మీ 18-55 ఫిల్టరు 58 ఎంఎం, 18-135కి 67 ఎంఎం కావాలి, పాతది పట్టదు. అది, గాలి చొరని డబ్బా ఒకటి, సిలికా జెల్, ఒక స్పేర్ బ్యాటరీ కొనండి. అప్పటికీ ఏమైనా మిగిలితే మంచి స్వెటర్ తీసుకోండి. శివరాత్రి జాగారం కొండ మీద చేస్తానంటున్నారు కదా, తెల్లవారుజామున అక్కడ చలి గట్టిగానే ఉంటుంది.