ఫ్లోరైడ్ పీడిత ఊళ్లో పిల్లలకు ఫ్లోరైడ్ పేస్టా?

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. ఫ్లోరైడ్ నీళ్లతో పెద్దల పళ్లు, ఎముకలు ఏమయ్యాయో చూసిన తల్లిదండ్రులు, పేస్టు మీద ఆ పేరు కనబడగానే పక్కనపెట్టి పిల్లలచేత బొగ్గుపొడితో తోమిస్తున్నారు. రెండో తరగతి పిల్లవాడి దవడ పన్ను పుచ్చితే, ‘పాలపన్నే కదా, ఊడిపోతుందిలే’ అన్నారు. వారికేం చెప్పాలి?

జవాబు: ఆ భయాన్ని తప్పుపట్టలేం, కానీ అది చేరవలసింది పేస్టు దగ్గరికి కాదు. మోతాదు మించి కడుపులోకి వెళ్లిన ఫ్లోరైడ్, దవడ ఎముకలో ఇంకా తయారవుతున్న పన్నును పాడుచేస్తుంది. పేస్టులోది అప్పటికే బయటికి వచ్చిన పన్ను పైపొరను గట్టిపరుస్తుంది. కిలో పేస్టులో ఫ్లోరైడ్ సుమారు 1 గ్రాము ఉంటుందనుకుంటే, బఠాణీ గింజంత పేస్టులో ఉండేది పావు మిల్లీగ్రాము. పిల్లవాడు ఉమ్మేస్తే లోపలికి పోయేది అందులోనూ కొంతే. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు దొరకనప్పుడు మాత్రమే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. కనుక ఇప్పటికీ బోరునీళ్లు తాగే ఇల్లుంటే ముందు మాన్పించవలసినవి ఆ నీళ్లే. కాచినా వాటిలోని ఫ్లోరైడ్ పోదు. ఆరేళ్లలోపు పిల్లలు పేస్టు మింగేస్తుంటారు కాబట్టి పెద్దవాళ్లే వేసి, దగ్గరుండి ఉమ్మించాలి.

ఫ్లోరోసిస్ మచ్చ, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పన్ను మీద ఏర్పడే మచ్చ, పన్నులో భాగమే గాని గార కాదు. బొగ్గుతో ఎంత రుద్దినా అది పోదు, పైపొర మాత్రం అరిగిపోతుంది. (పళ్లు సరిగా తోముకోవడం లేదని అలాంటి పిల్లలను తరగతిలో మందలించే ఉపాధ్యాయులూ ఉన్నారు, మీరు వారిలో ఒకరు కారని మీ ప్రశ్నే చెబుతోంది.)

ఇక ఆ పిల్లవాడి సంగతి. ముందు పళ్ల నడిమి గీత నుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి. పాలపళ్లు పక్కకు అయిదే ఉంటాయి. ఆరోది ఆరేళ్ల వయసులో, ఏ పన్నూ ఊడకుండానే, అన్నిటికంటే వెనక మొలిచే శాశ్వత దంతం. పాత పన్నేదీ ఊడలేదు గనుక ఇంట్లో చాలామంది దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. పుచ్చింది ఆరోదైతే, పోయాక మళ్లీ రాదు. నాలుగోదో అయిదోదో అయినా పది, పన్నెండేళ్ల దాకా నమలవలసిన పన్నే కాబట్టి వైద్యం చేయించాల్సిందే. పిల్లల ఆరోగ్యాన్ని పరీక్షించే ప్రభుత్వ పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు ఆ పన్ను చూపించి, ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగానికి పంపమని అడగండి. నొప్పి మొదలైతే వారి రాక కోసం ఆగకుండా తల్లిదండ్రులనే తీసుకువెళ్లమనండి.